అరువు నుండి రొక్కమునకు: సదుం సీమలో సంసారపు సరకుల కథ

పుంగనూరు, పీలేరు, సోమలలకు పొరుగున, కొండల యంచున, చెరువు క్రింది మళ్ళను మెట్టచేలను నమ్ముకొని జీవించుచు వచ్చిన సదుం వంటి ఊరిలో, చౌకగా దొరకిన సరకు మేలైనదేనా, దానివలన సంసారమునకు నిజముగా నేమైన మిగులునా యను విచారము నిన్న మొన్న పుట్టినది కాదు. నేడు మదనపల్లెకో తిరుపతికో పోయి, విశాలమైన సూపర్ మార్కెట్టులో బండి త్రోసికొనుచు ముద్రిత ధరకంటె తక్కువకు పప్పును నూనెను కొని తెచ్చుకొను గృహిణి వేసికొను ప్రశ్ననే ఆమె ముత్తవ్వ సంతలో రాగుల రాశి ముందర కూర్చుండి వేసికొన్నది. ఆ ప్రశ్నకు కాలక్రమమున లభించిన సమాధానములను పరికించినచో, మనము చెల్లించు ధరలో సరకు వెలతోపాటు అప్పునకు వడ్డీయు, తూకమునందలి న్యాయాన్యాయములును, అమ్మువానికిని కొనువానికిని గల పరిచయమును కలిసియుండునని తేటపడును. చౌక దుకాణముల గుణదోషములను నిర్ణయింపబూనువారు ఈ పూర్వకథను విస్మరించుట తగదు.

1911లో చిత్తూరు జిల్లా యేర్పడుటకు మునుపు ఈ సీమకు ఏకపాలన లేదు. మదనపల్లె కడప జిల్లాలోను, పుంగనూరు జమీను ఉత్తరార్కాటు జిల్లాలోను ఉండెడివి. కుప్పపు వైపున కంగుంది జమీందారుల యేలుబడి సాగెడిది. పాలనలు వేరైనను వంటయిల్లు మాత్రమొక్కటియే. రాగిసంగటి, ఉలవచారు, అనపగింజల పులుసు, చెనక్కాయల ఊరిబిండి: వీనికి వలయు దినుసులలో అధికభాగము ఇంటివారి చేలలోనో, పొరుగువారి చేలలోనో పండెడివి. చెనక్కాయలను గానుగకు తోలుకొనిపోయి నూనెయు తెలికపిండియు తెచ్చుకొనెడివారు. చింతోపులలో కాయ దులిపిన దినములలో ఆడువారందరు గుమిగూడి కాయ కొట్టి, గింజ తీసి, ఏడాదికి సరిపడ పండు కుండలలో అదిమి దాచెడివారు. ఇక కొనవలసినవెల్ల ఉప్పు, కిరసనాయిలు, మిరియాలు, బట్ట, ఇనుపసామాను వంటి కొలదిపాటి వస్తువులు. కనుక ఆనాటి సంసారికి బజారుతోడి సంబంధము స్వల్పము. ఆ స్వల్పసంబంధమును వారమునకొకసారి సంత నిర్వహించెడిది.

సంతలో వస్తుగుణమును నిర్ణయించు అధికారము కొనువాని చేతివ్రేళ్ళకును నాలుకకును ఉండెడిది. చెనక్కాయను ఒలిచి రెండు గింజలు నోట వేసికొని, నమిలి, చేదు తగిలినచో మారుమాటాడక ముందునకు సాగిపోయెడివారు. బెల్లపు టచ్చును విరిచి, లోపలి పలుకును చూచి, ఇసుక తగులునేమోయని నాలుకకు రాచి చూచెడివారు. చింతపండును పిడికిట నొక్కి, గింజయెంత, నారయెంత, పండెంతయని అంచనా వేసెడివారు. బేరము కుదిరిన పిమ్మట పడితో కొలిచి పోయుచు, చివర గుప్పెడు కొసరు వేయనిదే గంప లేచెడిది కాదు. ఈ పరీక్షలన్నియు పిల్లలు తల్లుల వెంట తిరిగి నేర్చుకొన్నవే; ఏ గ్రంథమునందును వ్రాసినవి కావు.

అయినను సంత ధర్మక్షేత్రమేమియు కాదు. పడి యను కొలత ఊరూరికి మారుచుండెను. కొనునపుడు రాశిగా పోయించుకొని, అమ్మునపుడు అంచువరకు చేతితో గీచి పోయు వర్తకులు లేకపోలేదు. నలుబది పలముల వీశ, ఎనిమిది వీశల మణుగు అని లెక్కలు చెప్పుకొన్నను, త్రాసున వేసిన గుండు నిజముగా వీశ తూగునా యని ప్రశ్నించు స్తోమత పేదరైతుకు లేకుండెను. 1956లో తూనికల కొలతల ప్రమాణముల చట్టము వచ్చి, 1962 నాటికి కిలోగ్రాము దేశమంతట నిర్బంధమైన తరువాతనే ఈ విషయమున సామాన్యునికి కొంత రక్షణ కలిగినది. మన పల్లెలకు గడచిన శతాబ్దమున జరిగిన ఉపకారములలో ముద్ర వేసిన కిలోగుండు చిన్నది కాదని నా దృఢవిశ్వాసము.

సంతకంటె లోతుగా సంసారములలోనికి చొచ్చుకొనిపోయినది శెట్టి అంగడి. మెట్టపంట మీద బ్రదుకు కుటుంబమునకు రొక్కము ఏటికొకమారు, కార్తికమున చెనక్కాయలు పెరికి అమ్మినపుడు, చేతికి వచ్చెడిది. కడుపు మాత్రము ప్రతిదినము అడుగుచునేయుండెను. ఈ రెంటి నడుమనున్న అగాధమును పూడ్చినది అరువు. అంగటివాడు పొడవాటి ఖాతాపుస్తకమున ఇంటిపెద్ద పేరు వ్రాసి, దాని క్రింద ఉప్పు, కిరసనాయిలు, పొగాకు, పసుపు అని పద్దులు వ్రాసికొనుచు పోయెడివాడు. పంట రాగానే కాయ అతని కళ్ళమునకే తోలవలసియుండెను. వానలు తప్పిన యేట పద్దు మరుసటి యేటికి మరలెడిది. అరువిచ్చినవానిని సరకు బాగులేదని యడుగుటెట్లు? పుచ్చిన పప్పును, నూక కలిసిన బియ్యమును మౌనముగా గ్రహింపవలసినదే. అంగటి ధర సంత ధరకంటె ఎక్కువగా నుండుటకు లోభమొక్కటియే కారణము కాదు. పది నెలలు తన సొమ్ము ఊరివారి యిండ్లలో నిలిపిన వర్తకుడు దాని వడ్డీని ఉప్పు వెలలో కలిపివేసెడివాడు. ఇంట రోగము వచ్చినను, శుభకార్యము తగిలినను, అర్ధరాత్రి తలుపు తట్టినచో లేదనకుండ ఇచ్చినవాడును ఆ వర్తకుడే యగుటవలన, అతనిని నిందించుటకు ఎంత కారణమున్నదో కృతజ్ఞత చూపుటకును అంత కారణమున్నది.

ఈ అరువు బంధమును త్రెంచు ప్రయత్నము ప్రపంచమున మునుపే మొదలైనది. 1844లో ఇంగ్లండునందలి రాచ్‌డేల్ పట్టణమున ఇరువదియెనమండ్రు నేతపనివారు మొదలగువారు కూడబలుకుకొని, పిండి, వెన్న, చక్కెర, ఓటుపిండి, కొవ్వొత్తులతో చిన్న దుకాణము తెరచి, కల్తీలేని సరకు, సరియైన తూకము, రొక్కపు బేరము అను మూడు నియమములను పెట్టుకొనిరి. మన సీమ చెన్నరాజధానిలో భాగముగా నున్న కాలమున, 1904లో, మద్రాసు తిరువళ్లిక్కేణిలో నెలకొన్న సహకార భాండారము ఆ మార్గముననే నడచినది. కాని నెలజీతము గల గుమాస్తాకు రొక్కపు బేరము సుకరమైనట్లు వానకెదురుచూచు రైతుకు కాజాలదు. అందుచేత సహకార భాండారములు పట్టణములలో పాతుకొన్నను, సదుం వంటి గ్రామములలో శెట్టి అంగడికి ప్రత్యామ్నాయములు కాలేకపోయినవి.

రెండవ ప్రపంచయుద్ధమున, 1942లో, బర్మా బియ్యము ఆగిపోవుటతో కంట్రోలు దినములు దాపురించినవి. ఆ కష్టకాలము 1952లో రాజాజీ ప్రభుత్వము చెన్నరాష్ట్రమున ఆహారధాన్యముల కంట్రోలును ఎత్తివేయువరకు నడచినది. 1953లో ఆంధ్రరాష్ట్రమేర్పడిన తరువాతను చౌక ధరల దుకాణము మాత్రము పోలేదు. మన ప్రజలు దానిని 'స్టోరు' అనియే పిలుచుచు వచ్చిరి. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వము కిలో రెండు రూపాయలకు బియ్యమిచ్చుటతో ఈ సీమ వంటయిల్లే మారినది. పండుగనాడు మాత్రము వరియన్నము తిను కుటుంబములకు దినదినమును అన్నము లభించుట సామాన్యమైన సౌభాగ్యము కాదు. దానిని తక్కువచేసి మాటలాడు అధికారము ఆకలి నెరుగనివారికి లేదు. కాని అదే చౌకదనమువలన రాగిచేలు తగ్గినవి. కొర్రలు, సామలు మరుగునపడినవి. ముతకయనియో ముక్కయనియో స్టోరు బియ్యమును అమ్ముకొని, సన్నబియ్యము కొనుక్కొను ఆచారము పుట్టినది. చౌక సరకు ఇంటివారి రుచినే కాదు, ఊరి పంటనుకూడ మార్చునని ఇందువలన తెలియవచ్చును.

ఈ కాలముననే మరియొక మార్పు చప్పుడు లేకుండ జరిగినది. చిత్తూరు సీమలో పాడి వృద్ధిచెంది, పాలకేంద్రములు ఊరూర వెలసి, పదునైదు దినములకొకసారి 'పాలబిల్లు' ఇంటి ఆడువారి చేతికి రాసాగెను. ఏటికొకమారు వచ్చు కాయల సొమ్మునకు బదులు పక్షమునకొకమారు వచ్చు పాలసొమ్ము సంసారమును నడపుటతో, అంగటి ఖాతాలో పేరు లేని కుటుంబములు క్రమక్రమముగా హెచ్చినవి. ఉపాధిహామీ కూలి బ్యాంకు ఖాతాలో పడుట మొదలైన పిమ్మట రొక్కము ఇంకను చేరువైనది. సూపర్ మార్కెట్టు మన సీమకు వచ్చుటకు త్రోవ వేసినది ఈ పాలబిల్లేయని నేను తలంతును. ఏలన అరువు నెరుగని ఆ దుకాణము రొక్కము లేనిచోట నిలువజాలదు.

కొనువాడే స్వయముగా సరకు తీసికొను దుకాణము 1916లో అమెరికాలోని మెంఫిస్ పట్టణమున వెలసినది. జర్మనీలో ఆల్బ్రెక్ట్ సోదరులు స్వల్పసంఖ్యాకములైన సరకులను, అలంకారములు లేని గదులలో, అతితక్కువ లాభముతో అమ్మి, 'ఆల్దీ' దుకాణములను విఖ్యాతములు గావించిరి. మనవైపున హైదరాబాదులో త్రినేత్ర దుకాణములు, మద్రాసులో 1997లో పుట్టిన సుభిక్ష దుకాణములు ఈ వ్యాపారమును తెలుగువారికి పరిచయము చేసినవి. సుభిక్ష కథ విశేషముగ గమనింపదగినది. ముద్రిత ధరకంటె తగ్గించి అమ్మి దేశమంతట పదునారు వందలకు పైగా శాఖలు తెరచిన ఆ సంస్థ, తాను చేసిన అప్పుల భారముననే క్రుంగి 2009లో మూతపడినది. తద్భిన్నముగా, 2002లో బొంబాయి పోవాయిలో రాధాకిషన్ దమానీ ఆరంభించిన డీమార్ట్ తన భవనములను చాలవరకు తానే కొని, సరకిచ్చినవారికి త్వరగా సొమ్ము చెల్లించి, అందుకు ప్రతిఫలముగా తగ్గింపు పొంది, అందు కొంత కొనువారికి వదలి నిలద్రొక్కుకొన్నది. ఆంధ్రప్రభుత్వము కూడ 2017 డిసెంబరులో 'చంద్రన్న విలేజ్ మాల్' అను పేర రేషను డిపోలను ఇట్టి దుకాణములుగా మార్చు యత్నము ప్రారంభించెను గాని అది పల్లెపల్లెకు వ్యాపింపకయే నిలిచిపోయినది.

ఇక గుణమును గూర్చి. ముద్రిత ధర తయారుచేసినవాడు తానే వేసికొన్న గరిష్ఠావధి. ఇంతకు మించి అమ్మరాదను హద్దేకాని, వస్తువు విలువ యింతయను సాక్ష్యము కాదు. కందిపప్పు పొట్లముమీద 180 రూపాయలని ముద్రించి, 150 రూపాయలకే యిచ్చుచున్నామని ఎఱ్ఱని చీటీ కట్టినపుడు, ముప్పది రూపాయలు మిగిలెనని సంతసించుటకు ముందు, ప్రక్కవీధి అంగటిలో అదే పప్పు విడిగా నెంతకు దొరకునో తెలిసికొనవలెను. ఇటీవలి నిబంధనల చొప్పున పొట్లముపై గ్రామునకో కిలోకో ఎంత ధర పడునో కూడ తెలుపవలసియున్నది. ఆ సన్నని అక్షరములను చదువు గృహిణి మోసపోదు. ఎఱ్ఱచీటీని మాత్రమే చదువునామె మోసపోవచ్చును.

అట్లని చేతి పరీక్షయే సర్వోత్తమమని వాదించుటయు యుక్తము కాదు. తడిసి బూజుపట్టిన చెనక్కాయలలో పుట్టు అఫ్లటాక్సిను అను విషము నాలుకకు గాని కంటికి గాని ఎల్లప్పుడు చిక్కదు, ప్రయోగశాలకే చిక్కును. విడినూనెలో చౌకనూనె కలిపినను, కారములో రంగు కలిపినను సంతలో కనిపెట్టుట దుస్సాధ్యము. 2006 నాటి ఆహార భద్రతా చట్టము ననుసరించి పొట్లముమీద అనుమతి సంఖ్యయు, తయారైన తేదీయు ఉండుటవలన, దోషమున్నచో బాధ్యుడెవడో తెలియును. శెట్టి ఖాతాకు బందీయై పుచ్చుపప్పును నోరెత్తక మోసికొనిపోయిన తాతలకు ఈ హక్కు లేకుండెను. పప్పు, సబ్బు, చక్కెర, ముద్రవేసిన నూనెపొట్లము: ఇట్టివానిని నెలకొకమారు రొక్కమునకు కొనువారికి పెద్ద దుకాణమున లాభము వాస్తవము.

కాని ఈ నేలలో పండు వస్తువుల విషయము వేరు. సదుం చేలలో పండిన రాగులు ఎక్కడికో పోయి, సంచులలో దిగి, పిండియై, రంగుల పొట్లమై, తిరిగి మదనపల్లెకు వచ్చునప్పటికి వాని వెల పెరుగును, వాసన తరుగును. టమోటా సంగతి ఇంకను స్పష్టము. దేశమున పెద్ద టమోటా మార్కెట్టులలో నొకటైన మదనపల్లెలో ధర పడిపోయిన వారమున రైతు గంపలను దారిప్రక్కన కుమ్మరించి పోవుట మనమెరుగుదుము. 2023 జూలై చివర కిలో రెండువందల రూపాయలకు చేరువైనపుడు ఏ తగ్గింపు దుకాణమును సంసారిని కాపాడలేకపోయినది. 1999 జనవరి 26న ప్రారంభమైన రైతుబజారులు, రైతును కొనువానికి ఎదురుగా కూర్చుండబెట్టి, నడిమి ఖర్చును తగ్గించుటలో సంత ధర్మమును నిలిపినవి. వానిలో తూకము సరిచూచుటకును ధర పలకమీద వ్రాయుటకును ఏర్పాటుండుట సంతకంటె ఒక మెట్టు పైమాట. పెద్ద దుకాణము కూరగాయలలో వానితో పోటీపడజాలదు.

మరియొక్క సంగతి చెప్పక తప్పదు. నెలసరకు నొక్కమారు కొను శక్తి గలవానికే తగ్గింపు ధర దక్కుచున్నది. ఏ పూట కూలి ఆ పూటకు వెచ్చించు కుటుంబము ఈనాటికిని యాబది గ్రాముల నూనెపొట్లమును, ఐదు రూపాయల పసుపును వీధి అంగటిలోనే కొనుచు, గ్రాము లెక్కన అందరికంటె ఎక్కువ చెల్లించుచున్నది. నగరపు దుకాణమునకు పోవుటకు బస్సు ఖర్చు, ఒక దినపు కూలి నష్టము కలుపుకొన్నచో వారికి చౌకయనునది లేనే లేదు. ఊరి మహిళా సంఘములు పదిమంది పాలబిల్లులు కూడదీసి, మూటల లెక్కన పప్పును నూనెను తెప్పించుకొని సభ్యులకు పంచుకొన్నచో ఈ కొరత కొంత తీరును. రాచ్‌డేల్ నేతగాండ్రు చేసినది ఇదియే.

కావున సదుం గృహిణులకు నా మనవి యిది. పప్పును, సబ్బును, చక్కెరను ముద్రిత ధర జూడక గ్రాము ధర చూచి పెద్ద దుకాణమున కొనుడు. రాగులను, అనపగింజలను, ఉలవలను, చింతపండును, కూరగాయలను సంతలో గాని రైతుబజారులో గాని పండించినవాని చేతినుండియే తీసికొనుడు. త్రాసు గుండుమీద ముద్ర కలదేమో అడిగి మరీ చూడుడు.