వంగిన వేలు, సన్న సూది

మొన్నామధ్య మా క్లయింటు మేనేజరు, అరవయ్యేళ్ళ అమెరికన్, చెయ్యి చూపించాడు. ఉంగరం వేలు అరచేతిలోకి వంగిపోయింది, కీబోర్డు మీద ఆనదు. డుపుయిట్రెన్ జబ్బట. పెద్ద కోత లేకుండా సూదితో సరిచేసే డాక్టరు కోసం వెతుకుతున్నాడు.

సరే, నేనూ చరిత్ర తిరగేశా. 1831లో పారిస్‌లో డుపుయిట్రెన్ కోసి చూపించాడు, పేరు ఆయనదే నిలిచింది. నిజానికి లండన్‌లో ఆస్ట్లీ కూపర్ 1822లోనే రాశాడు, చిన్న గాటులోంచి సన్న కత్తి దూర్చి ఆ బిగుసుకున్న పట్టీని తెంపొచ్చని. (క్రెడిట్ ఎవరికి పోతుందో మన ఆఫీసుల్లో చూస్తున్నదేగా!) దాన్నే 1970ల్లో సూదితో మళ్ళీ బతికించింది సర్జన్లు కాదు, పారిస్ కీళ్ళ డాక్టర్లు.

బిగువు మళ్ళీ రావొచ్చు, అదొకటి. అసలు చిక్కు, చర్మం కింద నరం కంటికి కనబడదు, చేతికే తెలియాలి. అందుకే "ఇప్పటిదాకా ఎన్ని చేశారు?" అని అడగమన్నా. ముగ్గుర్ని అడిగితే ఒక్కడే అంకె చెప్పాడట.