పనికిరాని దీవి

1499లో స్పెయిన్ నావికులు కరిబియన్ సముద్రములోని బొనేర్ దీవిని చేరిరి. అది వెనిజులా తీరమునకు దాదాపు 80 కిలోమీటర్ల దూరమున, 288 చదరపు కిలోమీటర్ల వైశాల్యము గల చిన్న దీవి. అక్కడ బంగారము దొరకలేదు. వానలు తక్కువగుటచే పంటలును అంతంతమాత్రమే. 1513లో స్పెయిన్ అధికారులు బొనేర్‌ను, పొరుగున నున్న అరూబా, కురసావ్‌లను ‘పనికిరాని దీవులు’ అని ప్రకటించిరి. రెండేండ్ల తరువాత అక్కడి కకేతియో జాతివారిని పట్టి, గనులలో పనిచేయించుటకై హిస్పానియోలా దీవికి తరలించిరి.

నేడు ఆ దీవికే వేలకొలది యాత్రికులు వచ్చుచున్నారు. సముద్రములో మునిగి పగడములను, ఉప్పుమళ్ళ వద్ద ఫ్లెమింగో పక్షులను, పల్లెలలో పంటల పండుగను చూచి పోవుచున్నారు. ఈ మూడింటికిని మూలము ఒక్కటే: వానలు తక్కువైన ఆ నేల.

ఉప్పుమళ్ళు

1636లో డచ్చివారు బొనేర్‌ను ఆక్రమించిరి. చేపలను నిలువచేయుటకు వారికి ఉప్పు కావలసియుండెను. దీవి దక్షిణభాగము పల్లము. అక్కడ సముద్రజలమును లోతులేని మళ్ళలోనికి పారించినచో, మండుటెండయు, వాణిజ్య పవనములును నీటిని ఆవిరి చేయును, ఉప్పు పేరుకొనును. మన కోస్తా తీరమున ఉప్పు పండించు పద్ధతియు ఇదియే.

కాని బొనేర్‌లో ఆ పని చేసినవారు ఆఫ్రికానుండి తెచ్చిన బానిసలు, వారి సంతతివారు. కన్నులు మిరుమిట్లు గొలుపు తెల్లని ఉప్పు నడుమ ఎండలో నిలిచి, దానిని త్రవ్వి మోసిరి. 1850 ప్రాంతమున వారికై కట్టిన రాతిగుడిసెలు నేటికిని సముద్రపుటొడ్డున కలవు. వానిలోనికి నిటారుగా పోవుటకు వీలులేదు, వంగి దూరవలసినదే. పలువురి కుటుంబములు ఉత్తరమున రింకోన్ గ్రామములో నుండెను. ఆలుబిడ్డలను చూడవలెనన్న దీవి పొడవునా నడచి పోవలసి వచ్చెడిది. 1863 జూలై 1న డచ్చి ప్రభుత్వము తన కరిబియన్ వలసరాజ్యములలో బానిసత్వమును రద్దుచేసెను.

జొన్నకోతల పండుగ

ఈ శ్రామికుల ముఖ్యాహారము జొన్న. జొన్నకు జన్మభూమి ఆఫ్రికా. మన దేశమునకును అది పూర్వకాలమున అక్కడినుండియే వచ్చెను. తక్కువ నీటితో పండు పైరగుటచే బొనేర్‌లో నిలదొక్కుకొనెను. కోతల కాలమున ఇరుగుపొరుగువారు కూలి కోరక ఒకరి చేలో ఒకరు పనిచేసెడివారు. గింజలను గాదెకు చేర్చి, వరుసలు కట్టి పాడుచు ఆడెడివారు. ఇదియే సిమదాన్ పండుగ. ఆ నృత్యము పేరు వాపా. కోతల కాలము వచ్చినపుడు దీనిని నేటికిని జరుపుచున్నారు. యాత్రికునకు ఇది వినోదముగా తోచవచ్చును. రింకోన్ వారికి మాత్రము ఇది తాతముత్తాతల జ్ఞాపకము.

గులాబిరంగు పక్షులు

ఉప్పుమళ్ళలో నీరు చిక్కబడిన కొలది చేపలు బ్రతుకజాలవు. చిన్న ఉప్పురొయ్యలు మాత్రము వృద్ధిపొందును. శైవలములలోని కెరోటినాయిడ్లు అను వర్ణకములు ఈ రొయ్యల ద్వారా ఫ్లెమింగోల శరీరమున చేరి, ఈకలకు గులాబిరంగు నిచ్చును. మన పులికాట్ సరస్సునకు వచ్చు ఫ్లెమింగోలు వీనికి దగ్గరి చుట్టములే. 1960ల దశాబ్దిలో ఉప్పు పరిశ్రమను పునరుద్ధరించినపుడు, పెకెల్మేర్ వద్ద కొంత భాగమును ఈ పక్షులు గుడ్లు పెట్టుటకై విడిచిపెట్టిరి.

పగడపు భిత్తికలు

నదులు లేనందున బొనేర్ చుట్టును సముద్రములో ఒండ్రు కలియుట తక్కువ; నీరు నిర్మలము. పగడపు జీవుల శరీరములో సూక్ష్మ శైవలములు నివసించి, సూర్యరశ్మితో ఆహారమును తయారుచేసి, ఆశ్రయమిచ్చిన జీవికి పంచిపెట్టును. వెలుతురు ప్రసరించు నీటిలోనే ఈ సహజీవనము సాగును. పగడపు జీవి కాల్షియం కార్బొనేట్‌తో గూడు కట్టును. అట్టి గూళ్ళు వేల ఏండ్లు పేరుకొని భిత్తికలగును. బొనేర్‌లో ఇవి ఒడ్డునకు అతి సమీపముననే మొదలగును.

1943లో ఫ్రాన్సులో కూస్టో, గాన్యాన్‌లు నీటిలో శ్వాసించుటకు వాయుపరికరమును రూపొందించిరి. దానితో సముద్రగర్భము సామాన్యులకును అందుబాటులోనికి వచ్చెను. 1962లో అమెరికా నావికుడు డాన్ స్ట్యూవర్ట్ బొనేర్ చేరి, యాత్రికులను సముద్రములో మునకలకు తీసుకొనిపోవుట ప్రారంభించెను. మొదట ఆయనయు బల్లెముతో చేపలను వేటాడినవాడే. పెద్ద చేపలు తగ్గిపోవుట, లంగరులు పగడములను విరుగగొట్టుట చూచి, వాని రక్షణకై పూనుకొనెను. 1971లో బల్లెపు వేటను, 1975లో పగడములను విరుచుటను ప్రభుత్వము నిషేధించెను. 1979లో దీవి చుట్టును 60 మీటర్ల లోతువరకు సముద్రమును రక్షిత ప్రదేశముగా ఏర్పరచిరి. అక్కడ లంగరు వేయరాదు. స్థిరముగా అమర్చిన బోయాలకే పడవలను కట్టవలెను. 1992 నుండి గజఈతగాండ్ర వద్ద రుసుము వసూలు చేసి, ఆ సొమ్మును సంరక్షణకు వినియోగించుచున్నారు. పగడములపై పెరుగు శైవలములను మేయు చిలుకచేపల వేటను 2010లో ఆపివేసిరి.

అయినను ఆపద తొలగలేదు. 2023లో రాతిపగడముల కణజాలమును నశింపజేయు వ్యాధి దీవిని చేరెను. ఆ యేడే సముద్రము మిక్కిలి వేడెక్కి పగడములు తెల్లబడెను. వేడిమి హెచ్చినపుడు పగడము తనలోని శైవలములను వెడలగొట్టును. ఆహారము చాలక క్షీణించును.

బల్లెమును, లంగరును దీవివారు తమ శాసనములతోనే ఆపగలిగిరి. సముద్రపు వేడిమి అట్టిది కాదు. బొగ్గును, చమురును మండించి వాతావరణమును వేడెక్కించు దేశములన్నియు పూనుకొన్నగాని అది తగ్గదు. పనికిరానిదని ఒకనాడు త్రోసివేసిన ఈ దీవి తనవంతు పని చేసినది. మిగిలిన పని లోకమునది.