ఎడారిలో గరిక మైదానం

హాస్టల్ ఆటస్థలంలో రాళ్లు ఏరమంటే పిల్లలు కొందరు మొహం ముడుచుకుంటారు. "వానొస్తే మళ్లీ తేలతాయి కదా మేడం!" అంటారు. అప్పుడు మేము వాళ్లకు అమెరికాలోని ఒక బేస్‌బాల్ మైదానం చరిత్ర చెబుతుంటాం. అది వెలసింది ఆదివాసీల నేల మీద. అందుకే మన యువత కోసం ఇక్కడ రాస్తున్నాం.

అరిజోనా రాష్ట్రంలో గిలా నది ఒడ్డున అకిమెల్ ఓఓధమ్ అనే తెగ ఉంది. ఆ పేరుకు 'నదీ జనం' అని అర్థం. కాలువలు తవ్వి తరతరాలుగా పంటలు పండించిన వాళ్లు. 19వ శతాబ్దం చివర్లో, ఎగువన వచ్చి స్థిరపడినవారు నీళ్లు మళ్లించుకోవడంతో నది ఎండిపోయింది. పొలాలు బీడుపడ్డాయి, కరువు వచ్చింది.

తర్వాత రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. 1942 ఫిబ్రవరి 19న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఇచ్చిన ఉత్తర్వుతో జపాన్ సంతతికి చెందిన సుమారు 1,20,000 మందిని ఇళ్ల నుంచి తరలించి శిబిరాల్లో నిర్బంధించారు. వారిలో మూడింట రెండు వంతుల మంది అక్కడే పుట్టిన అమెరికా పౌరులు. అలాంటి ఒక శిబిరాన్ని, తెగ వద్దంటున్నా, గిలా నది రిజర్వేషన్ భూమిలోనే కట్టారు. అందులో 13 వేల మందికి పైగా ఉండేవారు.

వారిలో ఒకరు కెనిచి జెనిమురా. హిరోషిమాలో పుట్టి, హవాయిలో పెరిగి, కాలిఫోర్నియాలోని ఫ్రెస్నోలో ఆడిన ఐదడుగుల మనిషి. 1927లో బేబ్ రూత్, లూ గెరిగ్‌లతో కలిసి ఆడినవాడు. శిబిరానికి వచ్చాక కొడుకులతో కలిసి పార పట్టుకుని ముళ్లపొదలు కొట్టడం మొదలుపెట్టాడు. చూసి మరికొందరు చేరారు. పొదలు కాల్చి, నేల చదును చేసి, నీళ్లు పెట్టి మట్టిని అణగనిచ్చారు. మన పెద్దలు కళ్లం చేసే పద్ధతి కూడా అదే కదా! గరిక వేశారు. హద్దు గోడకు బదులు ఆముదం మొక్కలు నాటారు. అవి మనిషెత్తు దాటాయి. కంచె స్తంభాల్లో ఒకటి విడిచి ఒకటి పీకి తెచ్చి, బ్యాటర్ వెనుక అడ్డు కట్టారు. గీతలకు సున్నం లేకపోతే పిండి చల్లారు.

ఎడారిలో గరిక ఒక్కరోజు పనితో బతకదు. తడి పెట్టాలి, చదును చేయాలి, గీతలు మళ్లీ గీయాలి. ఆ పని రోజూ సాగింది. 1943 మార్చిలో మైదానం మొదలైంది. 1945 ఏప్రిల్ 18న శిబిరం హైస్కూలు పిల్లలు రాష్ట్ర విజేతలైన టూసాన్ హైస్కూలు జట్టును అక్కడే 11–10 తేడాతో ఓడించారు.

ఆ ఏడాదే శిబిరం మూతపడింది. 1988లో అమెరికా ప్రభుత్వం నిర్బంధితులకు క్షమాపణ చెప్పి, బతికున్నవారికి తలా 20,000 డాలర్లు ఇచ్చేలా చట్టం చేసింది. నదీ జనానికి నీటి హక్కు చట్టం మాత్రం 2004 దాకా రాలేదు.

ఆ మైదానాన్ని మెచ్చుకునేవారు అది ఎవరి నేలో చెప్పడం తరచూ మరచిపోతారు. మనం రెండూ గుర్తుంచుకోవాలి. నిర్బంధంలోనూ పిల్లలకు ఆటస్థలం చేసినవారి చెమట నిజం, అడగకుండా తీసుకున్న నేలా నిజం. నేడు ఆ శిబిరం స్థలానికి వెళ్లాలంటే తెగ అనుమతి తీసుకోవాలి.

ఈ కథ విన్న సాయంత్రం మా పిల్లలు రాళ్లు ఏరడానికి తామే వస్తారు. వానొస్తే మళ్లీ తేలతాయి. మళ్లీ ఏరతాం.