కార్ల డ్రైవ్ పద్ధతులు: కొల్లేటి ప్రాంతం

ఇంజను బలం ఏ చక్రాలకు అందుతుందన్నదాన్ని బట్టి కార్లు మూడు రకాలు: వెనక చక్రాలు తోసేవి, ముందు చక్రాలు లాగేవి, నాలుగూ పట్టేవి. ఏలూరు, తాడేపల్లిగూడెం మీదుగా పోయే 16వ నంబరు జాతీయ రహదారి మీద ఈ తేడా అంతగా తెలియదు. కొల్లేటి చేపల చెరువు గట్టెక్కితే తెలుస్తుంది.

ఇంజను ముందు, తోసే చక్రాలు వెనక ఉండే పద్ధతిని 1891లో ఫ్రాన్సులో పానార్ కంపెనీ స్థిరపరిచింది. ప్రీమియర్ పద్మినీ, 2014 దాకా తయారైన అంబాసిడరూ ఆ కోవవే. గేరుబాక్సు నుంచి వెనక ఇరుసు హౌసింగు దాకా పొడుగాటి షాఫ్టు, దాని కొసల్లో క్రాసులు (యూనివర్సల్ జాయింట్లు). గేరు వేసి కదిలించగానే కింద ‘ఠంగు’మంటే ముందు చూడాల్సింది క్రాసునే.

1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800లో ఆ షాఫ్టే లేదు. ఇంజనును అడ్డంగా పెట్టి ముందు చక్రాలనే తిప్పడం 1959 నాటి బ్రిటిష్ మినీ చూపిన దారి. షాఫ్టు బాధ తప్పింది గాని ముందు చక్రాల జాయింట్లకు తొడిగే రబ్బరు బూట్ల బాధ మొదలైంది. బూటు చిరిగితే గ్రీజు బయటికి, గట్టు మట్టి లోపలికి. స్టీరింగు పూర్తిగా తిప్పి కదిలిస్తే టకటకలాడుతుంది. అప్పటికి బూటుతో పోదు, జాయింటే మార్చాలి.

వానకు నల్లమట్టి జిగటైనప్పుడు ఖాళీ కారుకు ముందు డ్రైవే మేలు. ఇంజను బరువంతా లాగే చక్రాల మీదే ఉంటుంది. వెనక మేత బస్తాలు వేసి గట్టు ఎక్కించండి, బరువు వెనక్కి వాలి ముందు చక్రాలు ఊరికే తిరుగుతాయి. బొలేరో లాంటి వెనక డ్రైవు బండికి ఇక్కడ పని ఉన్నది అందుకే.

నాలుగు చక్రాలూ పట్టే జీపును పెంచింది రెండో ప్రపంచ యుద్ధం. పాత జీపుల్లోనూ 1985 నాటి జిప్సీలోనూ నాలుగు చక్రాల లివరు బురదకే. ఎండిన తారురోడ్డు మీద అలాగే ఉంచితే మలుపుల్లో ముందు, వెనక చక్రాలు చెరో వేగంతో తిరగాలని చూస్తాయి. ఆ పెనుగులాటంతా గేర్ల మీద పడుతుంది.

తమ్మిలేరు, బుడమేరు వాగులు పొంగి రోడ్డెక్కినప్పుడు వేడెక్కిన హౌసింగు చల్లని నీళ్లలో మునుగుతుంది. లోపలి గాలి ముడుచుకుని, సీళ్ల సందుల నుంచి నీటిని పీలుస్తుంది. ఆయిలు పాలు కలిపిన టీ రంగుకు తిరిగితే వెంటనే దింపి కొత్తది పోయాలి. అలాగే నడిపితే ముందు బేరింగులు, తర్వాత క్రౌను పీనియను పళ్లు పోతాయి.