లోపలిది ఆగదు

కార్జం పుల్లకు గుచ్చినవా తమ్మీ? ఎక్కువ సేపు ఉంచకు మరి. రంగు మారంగనే తియ్యాలె, లేకుంటే చెప్పుతోలే. మెత్తటి తునకలు ఆ పక్కకు పెట్టు, అవి ఆగుతయి. కార్జం ఆగదు.

మేమొచ్చిన కొత్తల ఈ ఒమాన్ వాడి కబీర్‌ల గిన్ని షోరూంలు ఏడియి? గ్యారేజీలు, వెల్డింగు షాపులు, వడ్రంగి పని జాగలు. నాది డెంటింగు పని. మా రూముల కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ దిక్కోళ్ళే ఎక్కువ, కడప పిలగాండ్లు కూడా ఉండేటోళ్ళు. శుక్రవారం ఒక్కటే సెలవు. ఆఫీసులోళ్ళకు గురు, శుక్రవారాలు ఉండె, 2013ల వాటిని శుక్ర, శనివారాలు చేసిండ్రు. ఏది మారినా మాకు మాత్రం శుక్రవారమే. ఇంటికి పంపంగ చేతుల మిగిలేటివి బైసలే. వెయ్యి బైసలైతేగాని ఒక్క రియాల్ కాదు, ఇగ మటనెక్కడ కొంటం? బోటి, తలకాయ, కాళ్ళు అడిగేటోళ్ళు తక్కువ. రూవి దిక్కు మటన్ దుకాణంల ఒక మలబారీ ఆయన మా కోసం బకెట్‌ల తీసి పెట్టేటోడు.

బోటి తినుడు సులువే, కడుగుడే అసలు పని. పేగులను కట్టెపుల్లతోని లోపలిది బయటికి తిప్పి నీళ్ళు తేటగ వచ్చేదాంక కడగాలె. ఆ పొట్ట సంచి ఉంటది సూడు, నల్లగ, తువ్వాల నూగు తీరు, దాన్ని వేడినీళ్ళల్ల ముంచి, సున్నం రాసి, కత్తితోని గీకితే తెల్లగ తేలుతది. నీళ్ళు మసులొద్దు. మసిలే నీళ్ళల్ల వేసినవంటే ఆ నలుపు పట్టుకొని ఇగ ఊడదు, పొద్దంత గీకినా అంతే. వెనుక పసుపేసి ఒక పొంగు రానిచ్చి ఆ నీళ్ళు పారబొయ్యాలె. అప్పుడు కుక్కర్‌కు పోవాలె. సెలవుకు పోయొచ్చినోడు ఎండబెట్టిన చింతచిగురు తెస్తే అది బోటిల పడేది. లేకుంటే గోంగూర తొక్కు. పక్క రూమోళ్ళు కడిగేటప్పుడు ముక్కు మూసుకునేటోళ్ళు, ఉడికేటప్పుడు పళ్ళెం పట్టుకొని వచ్చేటోళ్ళు. పెట్టినం, పెట్టకుంటే ఎట్ల? కాని ఎవడు కడుగుతే గుండెకాయ వానికే. మా రూముల అది లెక్క. వయసు సూడం, సీనియర్ అని సూడం.

ఈ లెక్క నేను పుట్టించింది కాదు. ఊర్ల దసరకు యాటను కోస్తే సూడలే మీరు? పోగులేసేటప్పుడు ప్రతి పోగుల ఇంత కార్జం, ఇంత బోటి, ఇన్ని బొక్కలు పడాలె, లేకుంటే లొల్లే. కాని దానికంటె ముందే, తోలు ఒలుస్తుండంగనే, తిల్లి, ఒక కార్జం ముక్క నిప్పుల మీద పడేటియి. ఉప్పు కారం అద్ది, కోసినోళ్ళు, కాళ్ళు పట్టుకున్నోళ్ళు నిలబడే తినేటోళ్ళు. దొరైనా ఆ ముక్క అడగడు. తునకలు కోసి దండెం మీద ఆరేస్తే ఒరుగులైతయి, నెలలు ఉంటయి. లోపలి సరుకుకు ఎండల ఒక్క పూట గడువు ఉండదు. అందుకే అది పక్కన ఉన్నోనిది.

ఈడ నేను ఒమానీ ఇంట్ల బక్రీదు సూసిన, అదే తీరు. షేటు పెద్దమనిషి, పండుగకు వర్క్‌షాపోళ్ళను పిలిచేటోడు. వాళ్ళు శువా చేస్తరు: మాంసానికి మసాల రుద్ది, ఆకుల్ల చుట్టి, సంచుల్ల కట్టి, నిప్పుల గుంతల దించి మన్నుతోని మూస్తరు. ఒక దినమో, రెండు దినాలో కాని తియ్యరు. ఊరోళ్ళందరి సంచులు ఒక్కటే గుంతల పోతయి. మరి కోసిన దినం ఏం తినాలె? కార్జం, గుండె, బోటి. దాల్చినచెక్క, ఏలకులు, లవంగాలు, మిరియాలేసి వండుతరు, ముకల్లబ్ అంటరు. మన కారం ఉండదు గని వాసనకే కడుపు నిండుతది. మన నల్ల మాత్రం ఈడ ఆశపడకుండ్రి. ఇస్లాంల నెత్తురు హరాం.

ఇంకోటి చెప్పాలె. మా రూముల పెయింటింగు పిలగానికి నెత్తురు తక్కువైంది, నడుస్తే ఆయాసం. క్లినిక్‌ల మన తెలుగు డాక్టరమ్మ ఫోలిక్ యాసిడ్ గోళీలు రాసింది. "వీటికి మూలం మీరు తినే కార్జంలనే ఉంది, కాకా" అన్నది. అమెరికాల 1920లల్ల, నెత్తురు తగ్గే ఒక మాయరోగానికి రోజూ పావుకిలో దాంక కార్జం తినిపించి మనుషులను బతికించిండ్రట, దానికి 1934ల ముగ్గురికి నోబెల్ వచ్చిందట. వెనుక కార్జంల ఉండే ఫోలిక్ యాసిడ్‌ను 1945ల ఫ్యాక్టరీల తయారుచేసే దారి కనిపెట్టిన జట్టుకు పెద్ద మన భీమవరంల పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. ఆయన అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతోని పోయిండ్రట. ఆ జబ్బుకు ఈ మందు పనిచేసిందన్నది డాక్టరమ్మ. అన్నదమ్ములు పోయినంక దొరికిన మందు, ఏం జేస్తం.

ఆ డాక్టరమ్మనే నా బొటనవేలు వాపు సూసి, కార్జం, గుర్దాలు ఇగ బంద్ పెట్టుమన్నది. అందుకే గుచ్చుడు నీకప్పజెప్పిన. ఇప్పుడు సూపర్‌మార్కెట్ల ఆస్ట్రేలియా కార్జం గడ్డకట్టి వస్తది, బోటి కడిగి ప్యాకెట్ల పెట్టి అమ్ముతరు. మంచిదే, టైం మిగులుతది. కాని మీ రూముల గుండెకాయ ఎవనిదో తేల్చుకునుడు కష్టమైతాంది. మొన్న శుక్రవారం లొల్లి అందుకే గదా?