సాన్‌సెపోల్క్రో: ఒక చిన్న పట్టణపు జమాఖర్చులు

ఇటలీ దేశమునకు పోయినవారు రోము, ఫ్లారెన్సు, వెనిసు నగరములను చూచి తృప్తిపడి తిరిగివత్తురు. నేనును అట్లే చేయదలచితిని. కాని, చిరకాలము పాఠశాలలో గణితము బోధించి విశ్రాంతి గైకొన్న నా ఇటాలియను మిత్రుడొకడు, "మా యూరు చూడక పోవుదురేని మీ ప్రయాణమునకు ఫలమేమి?" అని వ్రాసెను. ఎవరి యూరు వారికి ముద్దు. ఆ మాటలోని నిజమెంతయో తెలిసికొనవలెనని నాలుగు దినములు ఆయన యింట నుంటిని.

ఆ యూరి పేరు సాన్‌సెపోల్క్రో. టస్కనీ సీమ తూర్పు అంచున, తైబరు నది యెగువ లోయలో, అపెన్నైను కొండల పాదమున నున్నది. జనసంఖ్య పదునైదువేలకు కొంచెము మించియుండును. ఈ కొసనుండి ఆ కొసకు నడచుటకు పావుగంట చాలును. పేరునకు పవిత్ర సమాధి యని యర్థము. వేయి సంవత్సరములకు పూర్వము ఆర్కానో, ఎజీదియో అను నిద్దరు యాత్రికులు జెరూసలేమునుండి క్రీస్తు సమాధికి చెందిన పవిత్రావశేషములను గొనివచ్చి యిచ్చట ప్రార్థనామందిరము కట్టిరట. స్థలపురాణము లేని యూరు మనకును లేదు, వారికిని లేదు.

మొదటి దినమున మిత్రుడు నన్ను చిత్రశాలకు గాక, ఒక సన్న్యాసి విగ్రహమువద్దకు గొనిపోయెను. గణితము చెప్పినవాడు గదా! ఆ సన్న్యాసి లూకా పచోలీ. 1447 ప్రాంతమున ఈ యూరనే పుట్టి, ఫ్రాన్సిస్కను మఠమున చేరెను. 1494లో వెనిసునగరమున అచ్చయిన ఆయన గణితగ్రంథమునందు వర్తకుల లెక్కలను గురించిన భాగమొకటి కలదు. ప్రతి వ్యవహారమును రెండు మారులు, ఒకచోట జమగను మరియొకచోట ఖర్చుగను వ్రాయవలెనను పద్ధతి అచ్చుపుస్తకములోని కెక్కినది అందే మొదలు. మన వర్తకులు చిట్టాయు ఆవర్జాయు నుంచినట్లే, అచ్చట ముందు చిత్తుపుస్తకము, పిమ్మట దినవహి, తుదకు ఖాతాల పుస్తకము. ఈ పద్ధతిని తాను కనిపెట్టితినని పచోలీ చెప్పుకొనలేదు. వెనిసు వర్తకుల యాచారమునే వ్రాయుచున్నానని స్పష్టముగా చెప్పెను. నేడు లోకమునందలి బ్యాంకులన్నియు ఏ పద్ధతిని నడచుచున్నవో దానిని పుస్తకమున కెక్కించిన పుణ్యము ఈ చిన్న యూరివానిది.

అయితే పచోలీ సొంత ఖాతాలోనే యొక చిక్కు పద్దు కలదు. ఆయనకంటె పెద్దవాడు, ఆ యూరివాడే, పియెరో దెల్లా ఫ్రాంచెస్కా. తండ్రి తోళ్ల వర్తకుడు. పియెరోను లోకము చిత్రకారుడుగా నెరుగును. కాని యాతడు అంకగణితమును గురించియు, చిత్రములలో దూరమును చూపు విధానమును గురించియు, అయిదు సమఘనరూపములను గురించియు గ్రంథములు రచించిన గణితవేత్త. పియెరో 1492 అక్టోబరు 12న మరణించెను. కొలంబసు పడమటి దీవులలో కాలుపెట్టిన దినమదియే. పదునేడేండ్ల పిమ్మట, 1509లో, లియొనార్డో గీసిన బొమ్మలతో పచోలీ ప్రకటించిన మరియొక గ్రంథపు తుది భాగమున పియెరో ఘనరూపగ్రంథము ఇటాలియను భాషలోనికి మారి వెలువడెను. మూలకర్త పేరు మాత్రము అందు లేదు. చిత్రకారుల చరిత్రలు వ్రాసిన వసారి దీనిని దొంగతనమనెను. పచోలీ తన తొలి గ్రంథమున పియెరోను మిక్కిలి కొనియాడినమాట నిజమే. అయినను తుది పుస్తకపు లోటును ఆ పొగడ్త పూడ్చజాలదని నా యభిప్రాయము. ఈ మాట పైకి అంటిని. మిత్రుడు నవ్వి, "మేము ఇద్దరికిని విగ్రహములు పెట్టితిమి, జమ సరిపోయినది" అనెను.

లెక్కలకు పేరుపడిన యీ యూరి యమ్మకపు పత్రమునందే పెద్ద పొరపాటు దొరలినదనగా మీరు నమ్మరు. 1440 జూను 29న ఎదుటి కొండపైనున్న అంగియారీ యూరి క్రింద యుద్ధము జరిగెను. మరుసటి సంవత్సరమున నాల్గవ యూజీనియసు పోపు సాన్‌సెపోల్క్రోను 25,000 ఫ్లోరినులకు ఫ్లారెన్సుకు వదలుకొనెను. సరిహద్దు "రియో" అను వాగుగా నిర్ణయించిరి. ఆ దాపుననే రియో అను పేరు గల వాగులు రెండు కలవు! ఒకరు ఒక వాగును, మరియొకరు రెండవ వాగును హద్దుగా నెంచుకొనిరి. నడుమ మిగిలిన పల్లె కొస్పాయియా. ఎవరికిని చెందని యా పల్లెవారు తాము స్వతంత్రులమని ప్రకటించుకొనిరి. రాజు లేడు, సేన లేదు, పన్ను లేదు. పదునారవ శతాబ్దమున పొగాకు వచ్చిన పిమ్మట ఆ పల్లె దానితోనే బ్రతికెను. చుట్టుప్రక్కల ప్రభుత్వములు పొగాకుపై నిషేధములును సుంకములును విధించుచుండగా, అచ్చట అడ్డు లేదు. పొగాకు బేరము తెలిసిన గుంటూరు సీమవారికి ఇందలి లాభమును విడమరచి చెప్పనక్కరలేదు. ఈ వింత 1826 వరకు సాగెను. అప్పుడు పోపు రాజ్యమును టస్కనీయు ఆ పల్లెను పంచుకొనినవి. పల్లెవారికి తలకొక వెండి నాణెమును, పరిమితముగా పొగాకు పండించుకొను అనుమతియు లభించినవి. చర్చి గుమ్మముపై స్వాతంత్ర్యము శాశ్వతమని లాటిను మాటలు నేటికిని చదువవచ్చును.

రెండవ దినమున చిత్రమును చూచితిని. పూర్వము పురపాలక సభ కూడిన భవనములో, గోడపై, పియెరో 1460 దశకమున చిత్రించిన క్రీస్తు పునరుత్థానమది. క్రింద నలుగురు సైనికులు ఒడలు తెలియక నిద్రించుచున్నారు. వారి వెనుక క్రీస్తు సమాధి యంచుపై ఒక కాలు మోపి, ధ్వజము చేపట్టి, మనవైపే నేరుగా చూచుచున్నాడు. ఒక ప్రక్క చెట్లు మోడులు. రెండవ ప్రక్క చిగిర్చినవి. నిద్రించువారిలో ఒకని ముఖము చిత్రకారునిదే యందురు. ఆ చూపులో దయయు లేదు, కోపమును లేదు. తెల్లవారినదని తెలిసినవాని చూపు. నేను చాలసేపు నిలిచితిని. మిత్రుడు బల్లపై కూర్చుండి యేమియు మాటాడడాయెను.

ఆంగ్లరచయిత ఆల్డసు హక్స్‌లీ 1925లో అచ్చయిన వ్యాసమున, లోకమునందలి చిత్రములన్నిటిలో నిదియే మేటి యని తీర్మానించెను. ఇట్టి తీర్మానములు నాకు రుచింపవు. కాని యీ యొక్క తీర్మానము వలన గోడ నిలిచినది. 1944లో మిత్రసేనలు ఈ లోయ వెంట ఉత్తరమునకు సాగుచుండెను. జర్మనులు ఊరిలో నున్నారను తలంపుతో దానిపై ఫిరంగులు ప్రయోగింపుమని ఆంటొనీ క్లార్కు అను యువకుడైన బ్రిటిషు అధికారికి ఆజ్ఞ వచ్చెను. కాల్పులు మొదలైన పిమ్మట, ఈ యూరి పేరు ఎక్కడనో చదివితినని యాతనికి తోచెను. హక్స్‌లీ వ్యాసము జ్ఞప్తికి వచ్చెను. ఆజ్ఞను మీరి కాల్పులు నిలిపివేసెను. జర్మనులు అప్పటికే వెడలిపోయిరని పిమ్మట తెలిసెను. ఊరిలో అడుగుపెట్టినంతనే అతడు చిత్రమున్నచోటికి పోయి, చెక్కుచెదరక యుండుటను కన్నులార చూచెను. ఒక వీథికి ఆ యూరివారు అతని పేరు పెట్టిరి.

ఖర్చు వైపున వ్రాయవలసినదియు కలదు. ఊరి నడుమ కూడలిలో బెర్తా బురుజు అను ఎత్తైన కట్టడముండెడిది. వెనుదిరుగుచున్న జర్మనులు 1944 జులై 31న దానిని మందుపాతరలతో కూల్చివేసిరి. నేడు కూడలికి ఆ పేరు మిగిలినది, బురుజు లేదు. మిత్రుని తల్లి అప్పటికి బాలిక. ధూళి యణగిన పిదప కిటికీ తెరచి చూడగా, ఎన్నడును కనబడని ఆకాశము కనబడెనని ఆమె చెప్పుచుండెడిదట.

ఆ మాట విని నేను మిత్రుని అడిగితిని: "ఆ వేసవిలో ఈ లోయలో మావారును పోరాడిరని మీరెరుగుదురా?" ఆయన యెరుగును, కాని పేరొక్కటియు ఎరుగడు. 1944 జులైలో తైబరు ఎగువ లోయలో పోరాడినది పదవ భారత డివిజను. మరునాడు కారులో దక్షిణముగా, కొండమీది మొంతోనే యను చిన్న యూరికి పోయితిమి. ఆ పరిసరములలోనే జులై 10న మరాఠా దళమునకు చెందిన నాయకు యశ్వంతు ఘాడ్గే, తన జట్టులోని వారందరును మరతుపాకి గుండ్లకు కూలగా, ఒంటరిగా శత్రువులపైకి ఉరికి ఆ తుపాకిని నోరుమూయించెను. తన తుపాకిలో గుండ్లు నింపుకొను వ్యవధి లేక, దానినే త్రిప్పిపట్టి మిగిలినవారిని మొత్తెను. పిమ్మట చాటునుండి వచ్చిన గుండ్లకు నేలకొరిగెను. వయస్సు 22 ఏండ్లు. విక్టోరియా క్రాసు మరణానంతరము లభించెను.

క్లార్కు ఫిరంగి నాపుటకు ఒక వ్యాసము తోడుపడినది. ఘాడ్గేకు వచ్చిన ఆజ్ఞ అట్టిది కాదు. ఆ లోయలో జర్మనులు ఇంకను ఉండిరి. ఇటలీవారు మొంతోనేలో అతని పేర స్మారకముగా ఒక నీడగడియారమును నిలిపినది 2023లో, అనగా 79 ఏండ్లకు. అతనికి గుర్తెరిగిన సమాధి లేదు. కాసినో స్మారకఫలకములపై పేరు మాత్రము కలదు.

స్మారకము ముందు నిలిచి మిత్రుడు ఆ పేరును నాచేత రెండు మారులు పలికించుకొనెను. "ఘా" యను అక్షరము ఆయన నోట పలుకలేదు. మూడవమారు తానే మెల్లగా పలికి, సరియేనా యన్నట్లు నావైపు చూచెను.