తోలు లేని డోలు: 1982 నాటి ఒక రికార్డు కథ

ఈ వరుసలో ఇప్పటిదాకా డప్పు గురించి, చిందు భాగోతం గురించి, డక్కలోళ్ల కిన్నెర గురించి రాసుకుంటూ వచ్చాను. ఈసారి కరెంటుతో పుట్టే మోత గురించి. మనకూ దానికీ ఏం సంబంధం అన్నా అని అడిగే తమ్ముళ్లు, చెల్లెళ్లు జర ఓపిక పట్టాలె. మా బాన్సువాడలో బరాత్ ముందు నడిచే డీజే బండి ఏదో నిన్న మొన్న ఆకాశం నుంచి ఊడిపడలేదు. దానికి ఒక వంశవృక్షం ఉన్నది. ఆ చెట్టులో మన పేరు ఎక్కడా కనపడదు. ఎందుకు కనపడదో చూద్దాం.

1982లో బొంబాయిలో చరణ్‌జీత్ సింగ్ అనే వాద్యకారుడు హెచ్‌ఎంవీ వాళ్లకు ఒక ఎల్‌పీ రికార్డు చేశాడు. పేరు 'సింథసైజింగ్: టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్'. ఆయన హిందీ సినిమా పాటల్లో గిటారు, కీబోర్డు వాయించే మనిషి. సంగీత దర్శకుడి పేరు తెర మీద పడుతుంది, వాయించినోడి పేరు పడదు. అట్లాంటి వందలాది మందిలో ఒకడు. అప్పుడు హిందీ సినిమా అంతా డిస్కో పిచ్చిలో ఉంది. ఈయనకు ఒక ఆలోచన వచ్చింది: రాగాలు తీసుకుందాం, కింద డిస్కో దరువు పెడదాం, పాటగాడు వద్దు. చాలా ఏళ్ల తర్వాత ఒక ఇంటర్వ్యూలో ఈ సంగతి చెప్తూ, తబలాను ఆపేశాననే మాట కూడా అన్నాడు. ఆ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మళ్లీ దాని దగ్గరికే వస్తాను.

ముందు మిషన్ల సంగతి. ఆయన దగ్గర ఉన్నవి మూడు, మూడూ జపాన్‌కు చెందిన రోలాండ్ కంపెనీవే. జూపిటర్-8 అనే సింథసైజర్, టీఆర్-808 అనే డ్రమ్ మిషన్, టీబీ-303 అనే చిన్న బేస్ మిషన్. అమెరికాలో జూపిటర్-8 ధర 5,295 డాలర్లు, 808 ధర 1,195, 303 ధర 395. అప్పుడు డాలరు తొమ్మిది రూపాయల పైచిలుకు. అంటే ఒక్క జూపిటరే దాదాపు 50,000 రూపాయలు, దాని మీద కస్టమ్స్ సుంకం వేరే. ఆయన సింగపూర్ వెళ్లినప్పుడు కొనుక్కొచ్చుకున్నాడు. పాస్‌పోర్టు, డాలర్లు, స్టూడియోలో పరిచయాలు: ఈ మూడూ ఉంటేనే ఆ మోత నోట్లోకి... సారీ, చేతిలోకి వస్తుంది.

ఇవి అనలాగ్ మిషన్లు. రికార్డు చేసి దాచిన శబ్దం వీటిలో ఉండదు. లోపల వోల్టేజీ ఊగుతుంది, ఆ ఊపే స్పీకర్‌లో శబ్దం అవుతుంది. ఊపు వేగం పెంచితే స్వరం పైకి పోతుంది. ఫిల్టర్ అనే దానితో శబ్దంలోని పదునును కోయవచ్చు, వదలవచ్చు. 303లో ఒక వరుసకు 16 మెట్లు. ఒక్కో మెట్టుకు ఒక స్వరం పెట్టాలి. దాన్ని నొక్కి పలకాలా, పక్క స్వరంలోకి జారాలా అన్నది కూడా అక్కడే చెప్పాలి. ఒకసారికి ఒక్క స్వరమే పలుకుతుంది. ఒక గిటారు వాయించుకునేవాడికి తోడుగా బేస్ వాయించి పెట్టాలని చేసిన పెట్టె అది. కానీ ఆ జారుడు చూడండి, మన సంగీతంలో 'జారు' అంటామే, దానికి దగ్గరి చుట్టం. ఒకే స్వరం వెంట ఒకే స్వరం నడిచే రాగానికి అది అతికినట్టు సరిపోయింది. రికార్డులో ఉన్న పదింటిలో భూపాలి మనకు మోహనగా తెలుసు, మాల్కౌంస్ మన హిందోళం, యమన్ మన కల్యాణి. ఒక్కో రాగం ఐదు నిమిషాల చిల్లర. ఆలాపన ఓపికగా విప్పే పని లేదు, 808 టక్కున మొదలవుతుంది, పైన జూపిటర్ పరుగెత్తుతుంది. వినండి, నిజంగా బాగుంటది. మొదటి ముక్క భైరవ్‌లో మిషన్ గొంతుతో శివనామ జపం కూడా వినిపిస్తుంది. పాటగాడిని పంపించినా దేవుణ్ని పంపించలేకపోయారు అనుకొని నవ్వుకున్నా.

ఇంకో సంగతి, నాకు చాలా ఇష్టమైనది. అనలాగ్ సింథసైజర్ ఆన్ చేయగానే శ్రుతిలో ఉండదు. లోపలి భాగాలు వేడెక్కి నిలకడకు వచ్చేదాకా స్వరం అటూ ఇటూ పోతుంది. డప్పు కూడా అంతే కదా. గడ్డి మంట పెట్టి, తోలును కాపి, వేలితో మీటి చూసి, ఇంకొంచెం కాపి, అప్పుడు భుజానికి వేసుకుంటాం. వేడి లేకుండా రెండూ పలకవు.

ఇప్పుడు తబలా దగ్గరికి. ఈ దేశంలో డోలు అంటే తోలు. తోలు అంటే చచ్చిన గొడ్డు. చచ్చిన గొడ్డు అంటే ఎవరో నేను చెప్పాల్నా? మేకతోలును రింగుకు సాగదీసి, చింతగింజల జిగురుతో అంటించి, ఎండబెట్టి డప్పు చేసిందీ మనోళ్లే, ఎడమ భుజాన వేసుకుని సిర్ర, చిటికెన పుల్లతో కొట్టిందీ మనోళ్లే. అందుకే అది ఊరి బయటి వాయిద్యం. మృదంగం కథ వేరు. దానికి ఆవు తోలు కావాలి, బర్రె తోలు కావాలి, మేక తోలు కావాలి. చేసినోళ్లు దళిత క్రైస్తవులు, వాయించినోళ్లు అగ్రకులం వాళ్లు. 2020లో టీఎం కృష్ణ 'సెబాస్టియన్ అండ్ సన్స్' పుస్తకంలో ఈ చరిత్ర రాస్తే, దాని ఆవిష్కరణకు ముందు ఒప్పుకున్న చెన్నై కళాక్షేత్ర చివరి నిమిషంలో హాలు ఇవ్వనన్నది. పాలఘాట్ మణి అయ్యర్ పేరు తెలియని సంగీతాభిమాని ఉండడు. ఆయన మృదంగాలు చేసిన పర్లాందు పేరు ఎంతమందికి తెలుసు? మృదంగం గుడిలోకి పోయింది. చేసిన మనిషి బయటే నిలబడ్డాడు.

మరి 808లో తోలే లేదు. సర్క్యూటులో ఒక చిన్న ఊపు పుట్టి ఆరిపోతుంది, అదే దాని 'ధుం'. దాని చరచరమనే శబ్దాల కోసం, కంపెనీలు పనికిరావని పక్కన పడేసిన ట్రాన్సిస్టర్లను ఏరి వాడామని రోలాండ్ స్థాపకుడు ఇకుటారో కకెహాషి తర్వాత చెప్పాడు. లోపం ఉన్నందుకే వాటికి ఆ గుణం వచ్చింది. అవి దొరకడం ఆగిపోవడంతో 808 తయారీ కూడా 1983లో ఆగింది. మొత్తం చేసినవి సుమారు 12,000. ఆలోచించండి: వేల ఏళ్ల తర్వాత మొదటిసారి ఒక డోలు వచ్చింది, దాన్ని ముట్టుకుంటే మైల లేదు, చేసినోడి కులం అడిగే పని లేదు. కులం ఊడిపోవాల్సిన చోటు ఇదే. కానీ ఆ డోలు మీద ఏం పెట్టారు? పది శాస్త్రీయ రాగాలు. ఇది చరణ్‌జీత్ తప్పు అని నేను అనడం లేదు. హెచ్‌ఎంవీకి అమ్మాలంటే 'భారతీయం' కావాలి, భారతీయం అంటే రాగం అని ఎప్పుడో తేలిపోయింది. ఎవరు తేల్చారన్నదే మన ప్రశ్న.

చరణ్‌జీత్‌కు పదమూడేళ్ల ముందే ఈ దేశంలోకి సింథసైజర్ వచ్చింది. 1969లో అహ్మదాబాదు నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో అమెరికన్ సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ ఒక మూగ్ సింథసైజర్‌ను బిగించాడు. 1972 దాకా అక్కడ గీతా సారాభాయ్, ఐఎస్ మాథుర్, అతుల్ దేశాయ్, ఎస్‌సీ శర్మ, జిన్‌రాజ్ జోషీపురా ప్రయోగాలు చేశారు. ఆ టేపులు దశాబ్దాల పాటు ఆర్కైవులో పడి ఉండి, బ్రిటన్ కళాకారుడు పాల్ పుర్గస్ చేతికి దొరికి 2023లో బయటికి వచ్చాయి. ఆ సంస్థ వెనుక ఉన్నది కాలికో మిల్లుల సారాభాయ్ కుటుంబం. అహ్మదాబాదు మిల్లుల్లో దళిత కార్మికులను ఎక్కువగా స్పిన్నింగు విభాగానికే పరిమితం చేశారు. నేత విభాగం కులపోళ్లది. నేతలో దారం తెగితే నోటితో పీల్చి షటిల్‌లో ఎక్కించాలి, ఆ ఎంగిలి దళితుడిది కాకూడదు. ఆ మిల్లుల నగరంలోనే మన దేశపు మొదటి ఎలక్ట్రానిక్ స్టూడియో లేచింది. సంగీతం చేసినవాళ్లను తక్కువ చేయను, ఆ టేపుల్లో కొన్ని అద్భుతం. గదిలోకి ఎవరు రాగలిగారన్నదే చెప్తున్న.

చరణ్‌జీత్ రికార్డు అమ్ముడుపోలేదు. మరుగున పడింది. 2002లో ఎడో బౌమన్ అనే డచ్చి రికార్డుల సేకర్తకు ఢిల్లీలో ఒక కాపీ దొరికింది. 2010లో దాన్ని మళ్లీ విడుదల చేశాడు. యూరప్ ఉలిక్కిపడింది. ఎందుకంటే ఆ శబ్దాన్ని వాళ్లు 'యాసిడ్ హౌస్' అంటారు, అది 1987లో షికాగోలో పుట్టిందని చదువుకున్నారు. కొంతమంది ఇది ఎవరో బ్రిటిష్ సంగీతకారుడు చేసిన ఎకసెక్కం అని కూడా అనుమానించారు. ముసలితనంలో చరణ్‌జీత్ యూరప్ వేదికలెక్కి వాయించాడు, 2015లో చనిపోయాడు. ఇక్కడి పేపర్లలో అప్పటి నుంచి ఒకటే పాట: యాసిడ్ హౌస్‌ను కనిపెట్టింది భారతీయుడే! పుష్పక విమానం లెక్కనే ఇది కూడా. షికాగో పిల్లలు ఈ రికార్డు విన్నారనడానికి ఏ ఆధారమూ లేదు. ఒకే మిషన్ రెండు చోట్ల రెండు చేతుల్లో పడింది, అంతే. ఆ రెండో చేతుల కథ మనం బాగా తెలుసుకోవాలె.

1979 జూలై 12న షికాగో కొమిస్కీ పార్కు మైదానంలో ఒక రేడియో జాకీ పిలుపు మీద వేలమంది డిస్కో రికార్డులు తెచ్చి గుట్టపోసి పేల్చేశారు. ఆ గ్రౌండులో ప్రేక్షకులకు సీట్లు చూపే పనిలో విన్స్ లారెన్స్ అనే నల్లజాతి కుర్రాడు ఉన్నాడు. సింథసైజర్ కొనడానికి డబ్బు కూడబెట్టుకుంటున్నాడు. జనం తెచ్చిన వాటిలో డిస్కో కాని రికార్డులు కూడా చాలా ఉన్నాయని, వాటన్నిటికీ ఉన్న పోలిక పాడినవాళ్ల ఒంటి రంగేనని అతను గమనించాడు. ఐదేళ్లు తిరగకముందే, 1984లో, అతను జెస్సీ సాండర్స్‌తో కలిసి 'ఆన్ అండ్ ఆన్' చేశాడు. హౌస్ సంగీతంలో మొదటి రికార్డుల్లో అది ఒకటి. అటు 303 మార్కెట్‌లో ఫెయిలైంది. నిజమైన బేస్ గిటారులా పలకట్లేదని జనం తిట్టి పాత సామాను దుకాణాల్లో అమ్ముకున్నారు. అక్కడ దాన్ని చవగ్గా పట్టుకున్నది డీజే పియర్, స్పాంకీ, హెర్బ్ జే అనే ముగ్గురు నల్లజాతి యువకులు. దాన్ని ఎట్లా వాడాలో తెలియక, అన్ని నాబ్‌లూ ఇష్టమొచ్చినట్టు తిప్పుతుంటే ఆ కీచు అరుపు పుట్టింది. ఫ్యూచర్ అనే పేరుతో 1987లో 'యాసిడ్ ట్రాక్స్' తెచ్చారు. పన్నెండు నిమిషాలు. రాగం లేదు, పాట లేదు, గౌరవం అడుక్కోవడం లేదు. మనం దొరల సంగీతానికి సరితూగుతామని నిరూపించే బాధ్యత వాళ్లు మోయలేదు. అందుకే అది ఒక రికార్డుగా ఆగిపోలేదు, ఒక తరం అయింది.

మన దిక్కు అట్లాంటి చెయ్యి ఏదీ లేదా అంటే, ఒక పేరు చెప్తాను, వాదనకు సిద్ధపడే చెప్తాను: ఇళయరాజా. పణ్ణైపురంలో దళిత కుటుంబంలో పుట్టి, అన్న పావలర్ వరదరాజన్ వెంట కమ్యూనిస్టు సభల్లో పాడుతూ ఊరూరా తిరిగిన మనిషి. 1986లో ఆయన రెండు పనులు చేశాడు. మాటల్లేని 'హౌ టు నేమ్ ఇట్' ఆల్బంలో త్యాగరాజునూ బాఖ్‌నూ ఎదురెదురుగా కూర్చోబెట్టాడు. తెలుగులో 'డాన్స్ మాస్టర్'గా వచ్చిన 'పున్నగై మన్నన్'కు సీక్వెన్సర్‌తో థీమ్ సంగీతం చేశాడు. కులం గుర్తుతో తనను పిలవడం ఆయనకు నచ్చదు. అది ఆయన హక్కు. కానీ ఆ మిషన్ గదిలోకి మన వాడల నుంచి నడిచిపోయిన దారి ఎంత పొడుగుదో ఆయన జీవితం చూస్తే తెలుస్తది.

ఇక మన ఊళ్లోకి మిషన్ డోలు వచ్చింది ఆల్బం రూపంలో కాదు. మొదట బ్యాండు మేళంలో ప్యాడ్‌గా వచ్చింది, తర్వాత డీజే బాక్సుగా వచ్చింది. ఆ ప్యాడ్ కూడా చాలాచోట్ల రోలాండ్‌దే. బరాత్‌లో డప్పు దళం స్థానంలో బండి నిలబడ్డది. దీని మీద మనలో రెండు అభిప్రాయాలున్నాయి, రెండూ నిజమే. డప్పు చాలామందికి కూలి. దాన్ని డీజే తిన్నది. అదే డప్పు వెట్టి కూడా. చావుకు కొట్టు, జాతరకు కొట్టు, కల్లు పోస్తాం, కడుపుకు ఇంత పెడతాం. 1927లో మహాద్‌లో అంబేద్కర్ చచ్చిన గొడ్లను మోయడం మానేయమన్నప్పుడు, ఆ పని వల్ల వచ్చే తిండి పోతుందని తెలియక చెప్పలేదు. తమిళనాట ఎన్నో ఊళ్లలో చావు పరై కొట్టబోమని మనోళ్లు ఎదురు తిరిగారు. ఇటు 1994లో మాదిగ దండోరా అదే డప్పును గర్వంగా భుజాన వేసుకుంది. మా పక్కనే కామారెడ్డిలో 2002లో మొదలైన ధూంధాంలో డప్పు లేకుంటే తెలంగాణ పాటకు నడకే లేదు. వెట్టిగా కొట్టిన డప్పు, సభలో కొట్టిన డప్పు ఒకటే తోలు. పిలిచినోడు వేరు.

అందుకని డీజే వచ్చి మన కళను చంపిందని నేను ఏడవను. నా లెక్క వేరే. ఇప్పుడు ఆ ప్యాడ్‌లో, ఫోన్‌లోని యాప్‌లో, డీజే రీమిక్సుల్లో డప్పు శబ్దం ముక్కలు ముక్కలుగా ఉన్నది. బటన్ నొక్కితే తీన్మార్ వస్తుంది. అది అనలాగ్ 808లా సర్క్యూటులో పుట్టిన మోత కాదు. ఎక్కడో ఎవరో ఒక మనిషి మంట ముందు కూర్చుని తోలు కాపి కొడితే రికార్డు చేసుకున్న దెబ్బ. తోలు మిషన్ లోపలికి పోయింది, కొట్టిన చెయ్యి బయటే ఉన్నది. పర్లాందు పేరు లాగానే ఆ పేరు కూడా ఎక్కడా రాసి ఉండదు, పైసా కూడా రాదు.

303 అసలు మిషన్ ఇప్పుడు లక్షలు పలుకుతుంది. దాని నకలు సాఫ్ట్‌వేర్ మాత్రం పాత ల్యాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది. బాన్సువాడ, బోధన్ దిక్కు రీమిక్సులు చేసే పిల్లల్లో మన వాడల పిల్లలు తక్కువేం లేరు. వాళ్లలో ఎవరైనా 16 మెట్ల వరుసలో రాగానికి బదులు చిందుల ఎల్లమ్మ నడిచిన అడుగు పెడితే ఎట్లుంటదో వినాలని నాకు ఉన్నది. చేసినోళ్లు పంపండి. డప్పు వాయించిన మనిషి పేరు మాత్రం మొదటి వరుసలో రాసి పంపండి.

వచ్చే భాగం బ్యాండు మేళం మీద: మిలటరీ బాకా మన భుజాల మీదికి ఎట్లా వచ్చిందో.

జై భీమ్.